ఇంటర్ దాకా తెలుగు మీడియం, ఏడాదిలో ప్లేస్‌మెంట్లు: మాట్లాడటం ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి?

నాగావళి_ఒడ్డు:

అన్నలకీ అక్కలకీ మాస్టార్లకీ నమస్తే. శ్రీకాకుళం జిల్లా, బీటెక్ ఈసీఈ (ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్స్) రెండో సంవత్సరం అమ్మాయిని. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది, పరీక్షలో రాసేస్తాను. లేచి నిలబడి చెప్పమంటే మాత్రం రెండు వాక్యాలకే నోరెండిపోతుంది, మూడోది రాదు.

మూడు వారాల్లో పది నిమిషాల సెమినార్ ఉంది, అంశం ఆప్టికల్ ఫైబర్, అంటే వెలుగుతో కబుర్లు మోసే గాజుపోగు. ఏడాది తిరిగేసరికి ప్లేస్‌మెంట్లు. రోజుకి 40 నిమిషాలకి మించి కుదరదు. ఇంట్లోగానీ హాస్టల్లోగానీ ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు లేరు. స్పోకెన్ ఇంగ్లీషు కోచింగులో చేరాలా? మన యాస బయటపడితే ఇంటర్వ్యూలో నష్టమా? "ఏటి", "ఎల్తన్నాను" నోట్లోంచి ఆగవు. "ఇంగ్లీషులోనే ఆలోచించు" అని మాత్రం అనకండి, అదెలాగో ఎవరూ చెప్పరు.

మూడు_లాంతర్లు:

చెల్లెమ్మా, రెండు వాక్యాలకే ఆగిపోవడానికి రెండు కారణాలుంటాయి, దేని మందు దానిదే. నీది ఏదో ముందు తేల్చుకో. ఫోన్లో రికార్డర్ పెట్టి ఆప్టికల్ ఫైబర్ గురించి తెలుగులోనే, మీ అమ్మకి చెప్తున్నట్టు రెండు నిమిషాలు చెప్పు. అక్కడా ఆగిపోయావంటే లోటు ఇంగ్లీషుది కాదు, ఏది ముందు ఏది వెనక అన్నది బుర్రలో కుదరలేదు. తెలుగులో గడగడా వచ్చి ఇంగ్లీషులో ఆగితే అప్పుడది భాష సంగతి. చాలామంది పిల్లలు నాది భాష జబ్బే అనుకుని గ్రామర్ పుస్తకం కొనేస్తారు, తీరా చూస్తే వరసే కుదరలేదని తేలుతుంది.

వరస కుదరడానికి ఒక చిన్న పని చెప్తాను. హైదరాబాదు నుంచి మొదటిసారి వస్తున్న మనిషి రైలు దిగి అరసవల్లి గుడికి ఎలా వెళ్లాలో ఒక్క నిమిషంలో చెప్పు. దాదాపు అందరూ "స్టేషన్ బయటికి రాగానే ఆటోలుంటాయండి" అని మొదలెడతారు. ఆ మనిషికి ముందు తెలియాల్సింది అది కాదు. స్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్ అయినా అది ఉన్నది ఆమదాలవలసలో, ఊరు ఇంకా సుమారు 13 కిలోమీటర్లు. అది మొదటి వాక్యం. అక్కణ్ణుంచి శ్రీకాకుళం కాంప్లెక్సుకి (బస్టాండుకి) బస్సో ఆటోనో పట్టుకోమనడం రెండోది, కాంప్లెక్సు దగ్గర అరసవల్లి ఆటో ఎక్కమనడం మూడోది. రథసప్తమికీ ఆదివారాలకీ జనం ఎక్కువ కనుక టైము చూసుకుని రమ్మనడం నాలుగోది. అంతే, అయిపోయింది. వినేవాడు ఎక్కడ పొరబడతాడో ఆ ముక్క ముందు పడాలి. ఇదే పని రోజుకో దారికీ, రోజుకో వంటకీ, ఒక ల్యాబ్ ప్రయోగానికీ చేసుకో. వారం చాలు.

ఇక భాష. ఒకే అంశం మీద 3 నిమిషాలు మాట్లాడి రికార్డు చెయ్యి. అదే మళ్లీ 2 నిమిషాల్లో చెప్పు. మళ్లీ ఒకటిన్నరలో. ఇంగ్లీషు నేర్పేవాళ్లు దీన్ని 4-3-2 పద్ధతి అంటారు. అసలు లెక్క నాలుగు, మూడు, రెండు నిమిషాలు, కొత్తవాళ్లకి నాలుగు బరువని తగ్గించాను. చెప్పే సంగతి అదే కాబట్టి రెండోసారికి "ఏం చెప్పాలి" అన్న వెతుకులాట పోతుంది, మనసు మాట మీదికి వస్తుంది. రోజుకో కొత్త టాపిక్ పట్టుకుంటే ఈ లాభం రాదు.

తర్వాత ఆ చివరి రికార్డింగులో ఒక్క నిమిషం విని, ఉన్నది ఉన్నట్టు కాగితం మీద పెట్టు. "అఁ", "ఆక్చువల్లీ", "బేసికల్లీ" అన్నీ రాయాల్సిందే. ఒక నిమిషం మాట రాయడానికి 12 నుంచి 15 నిమిషాలు పడుతుంది, విసుగొస్తుంది, మానేయబుద్ధేస్తుంది. అయినా ఈ మొత్తంలో నిజంగా పని చేసేది ఈ ముక్కే. మొదలెట్టి మధ్యలో వదిలేసిన వాక్యాల కింద గీత గియ్యి. వాటిని పది పన్నెండు మాటల వాక్యాలుగా విరిచి, గట్టిగా చదివి, ఆఖరిసారి మళ్లీ చెప్పు. 40 నిమిషాలూ సరిపోతాయి. వారానికి ఐదు రోజులు చెయ్యి, ఏడూ అక్కర్లేదు.

ఆలోచన తెలుగులోనే ఉండనీ. తకరారు ఎక్కడంటే, మన వాక్యంలో క్రియ చివరికొస్తుంది, ఇంగ్లీషులో కర్త వెనకాలే రావాలి. "గాజుపోగు లోపల వెలుగు గోడలకి తగిలి మళ్లుతూ చాలా దూరం పోతుంది" అన్నదాన్ని మొదటి మాట నుంచి వరసగా మార్చుకుంటూ పోతే సగంలో ఇరుక్కుంటావు. నోరు తెరిచే ముందు ఎవరు, ఏం చేస్తారు అన్న రెండు ముక్కలు ఏరుకో: "లైట్ ట్రావెల్స్". మిగతావన్నీ తోకలు, ఒక్కోటీ తగిలించుకుంటూ పోవచ్చు.

ఏడు_రోడ్లు:

సెమినార్ మాట నేను చెప్తాను. పది నిమిషాలంటే ఎనిమిది నిమిషాల మాట, రెండు నిమిషాల ప్రశ్నలు. ఇంగ్లీషులో నింపాదిగా మాట్లాడితే నిమిషానికి 120, 130 మాటలు పడతాయి. అంటే మొత్తం వెయ్యి మాటలు, అంతకు మించి సిద్ధం చేసుకోవద్దు. కంగారులో వేగం 160కి పోతుంది, ఎనిమిది నిమిషాల సరుకు ఆరింటికే ఖాళీ అవుతుంది, ఆ తర్వాత దిక్కులు చూడాలి. అందుకని రెండు మూడు చోట్ల కాగితం మీద "ఆగు" అని రాసుకుని నిజంగానే ఊపిరి తీసుకో.

"ఆప్టికల్ ఫైబర్" మొత్తం చెప్పాలని చూడకు, అది సముద్రం. ఒక్క కొస పట్టుకో. నన్నడిగితే వెలుగు నష్టం, అంటే దారిలో వెలుగు తగ్గిపోవడం, పట్టుకోమంటాను. 1966లో చార్లెస్ కావో, జార్జ్ హాకమ్ ఒక పేపరు రాశారు: గాజుపోగులో నష్టం కిలోమీటరుకి 20 డెసిబెల్స్‌కి తగ్గించగలిగితే అది టెలిఫోన్లకి పనికొస్తుందని. 20 డెసిబెల్స్ అంటే కిలోమీటరు పోయేసరికి నూటికి ఒక వంతు వెలుగు మిగలడం. 1970లో కార్నింగ్ కంపెనీ ఆ హద్దు దాటింది. ఇవాళ మామూలు సింగిల్ మోడ్ (వెలుగు ఒకే దారిలో పోయే సన్న రకం) ఫైబర్‌లో 1550 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర నష్టం కిలోమీటరుకి 0.2 డెసిబెల్స్ దగ్గర. లెక్క వేసి చూడు: అదే నూటికి ఒక వంతు మిగలాలంటే ఇప్పుడు వెలుగు 100 కిలోమీటర్లు పోవాలి. కాస్త అటూఇటూగా శ్రీకాకుళం నుంచి విశాఖపట్నం. ఈ పోలిక చెప్పినప్పుడు ఆఖరి బెంచీలో ఫోను చూసుకుంటున్నవాడు కూడా తలెత్తుతాడు. కావోకి 2009లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది, అది ముగింపులో వాడుకో.

స్లైడ్లు ఆరు చాలు. ఒక్కోదాని మీద పదిహేను మాటలు మించితే క్లాసు చదువుతుంది, నిన్ను వినదు. నువ్వు కూడా వెనక్కి తిరిగి చదవడం మొదలెడతావు, అదింకా ప్రమాదం. కోర్ (వెలుగు పోయే నడిమి గాజు) 9 మైక్రోమీటర్లు, దాని చుట్టూ ఉన్న పొర క్లాడింగ్‌తో కలిపి 125 అన్న బొమ్మని స్లైడులో పెట్టడమే కాక బోర్డు మీద చేత్తో వెయ్యడం నేర్చుకో. కరెంటు పోవడం, ప్రొజెక్టర్ కేబుల్ పట్టకపోవడం అరుదేమీ కాదు. పెన్‌డ్రైవ్‌లో పీడీఎఫ్ కాపీ కూడా ఉంచుకో, వేరే కంప్యూటర్‌లో తెరిచినా ఫాంట్లు చెదరవు.

బట్టీ పట్టాల్సింది మొదటి మూడు వాక్యాలు, చివరి రెండు. అంతే. మొత్తం బట్టీ పడితే ఎక్కం మధ్యలో మరిచిపోయినవాడి పరిస్థితే: మళ్లీ ఒకటో వరస నుంచి మొదలెడితే తప్ప నోరు కదలదు. మధ్య భాగానికి ఐదు అట్టముక్కలు, ఒక్కోదాని మీద నాలుగైదు మాటలు పెద్దక్షరాల్లో. కాగితమైతే చెయ్యి వణికినప్పుడు అందరికీ కనపడుతుంది, అట్టయితే కనపడదు.

నిలబడి, పైకి, గడియారం పెట్టుకుని ఐదుసార్లు చెప్పి చూసుకో. మనసులో అనుకోవడం లెక్కలోకి రాదు. ఐదోది ఆ గదిలోనే చెయ్యి. స్నేహితురాల్ని చివరి బెంచీలో కూర్చోబెట్టి వినపడకపోతే చెయ్యెత్తమను. గొంతు చించుకోవడం పరిష్కారం కాదు, ఊపిరి పొట్టలోంచి తీసి వాక్యం చివరి మాట దాకా నిలబెట్టాలి. మన పిల్లలకి సాధారణంగా వాక్యం చివరే గొంతు దిగిపోతుంది. మైకుల్లేని రోజుల్లో హరికథ చెప్పిన ఆదిభట్ల నారాయణదాసు మసలిన విజయనగరం పక్కనే ఉన్నాం, ఆ మాత్రం ఊపిరి పట్టలేమా!

తెలియని ప్రశ్న వస్తే "నో ఐడియా సార్" అని నిలబడిపోకు. ఎంతవరకు తెలుసో అంతవరకు చెప్పి, "దిస్ పార్ట్ ఐ విల్ చెక్ అండ్ టెల్ యు టుమారో, సర్" అను. మర్నాడు వెళ్లి చెప్పు కూడా. చెప్పేవాళ్లు చాలా తక్కువ, అందుకే మాస్టార్లకి గుర్తుండిపోతారు.

బొబ్బిలి_తీగ:

యాస గురించి అడిగావు కదా తల్లీ. వాడుక భాష కోసం పట్టుబట్టిన గిడుగు రామమూర్తి పుట్టింది మన జిల్లా పర్వతాలపేటలో. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నారు. ఆ నేల మీద పుట్టి "ఏటి" అన్నందుకు సిగ్గెందుకు? తెలుగులో నీ యాస నీదే. ఇంగ్లీషులో కూడా తెలుగు వాసన ఉంటే ఎవరూ మార్కులు కొయ్యరు, అర్థం కాకపోతేనే కోస్తారు. అమెరికా గొంతు అనుకరించబోతే ఉన్నది కూడా అర్థం కాకుండా పోతుంది.

అర్థానికి అడ్డొచ్చేవి నాలుగే అనుకో. మొదటిది నీ సెమినార్ పేరులోనే ఉంది. "ఫైబర్"ని "పైబర్" అంటాం, "ఫైల్"ని "పైల్" అంటాం. పైల్ అంటే ఇంగ్లీషులో కుప్ప. "ప"కి రెండు పెదాలూ మూసుకుంటాయి. ఇంగ్లీషు "ఫ"కి మూసుకోకూడదు, కింది పెదవి పైపళ్లకి ఆనించి గాలి వదలాలి. అద్దం ముందు నిలబడి పెదాలు కలుస్తున్నాయేమో చూసుకో. ఫైబర్, ఫ్రీక్వెన్సీ, ఫేజ్, ఫిల్టర్ అని రోజుకి ఇరవైసార్లు అంటే రెండు మూడు వారాల్లో పట్టుబడుతుంది.

రెండోది మాట చివర అచ్చు. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కనుక "లైట్" కాస్తా "లైటు" అవుతుంది. హల్లు దగ్గరే కొయ్యడం అలవాటు చేసుకో. మూడోది "ఎ"కి ముందు "య" తగలడం. ఈసీఈ అమ్మాయివి, "యెలక్ట్రానిక్స్" అని ఇంటర్వ్యూలో ఎన్నిసార్లు అనాల్సొస్తుందో లెక్కేసుకో.

నాలుగోదే అసలైనది, ఊనిక. మనం ప్రతి అక్షరాన్నీ సమానంగా పలుకుతాం, ఇంగ్లీషులో ఒక మాటలో ఒక్క చోటే బరువు పడుతుంది. "డివెలప్"లో "వె" మీద, "అటెన్యుయేషన్"లో (వెలుగు నష్టానికి ఇంగ్లీషు మాట) "యే" మీద. బరువు తప్పు చోట పడితే శబ్దాలన్నీ సరిగా ఉన్నా వినేవాడు "వాట్?" అంటాడు. నిఘంటువులో ఆ చోటుకి ముందు చిన్న నిలువుగీత ఉంటుంది, చూడు. సెమినార్‌లో వాడే పది సాంకేతిక మాటలకి ఆ గీత చూసి రాసుకుంటే చాలు, భాషంతా సరిదిద్దుకోనక్కర్లేదు. చెవి తయారవడానికి ఆకాశవాణి ఇంగ్లీషు వార్తలు పది నిమిషాలు పెట్టుకుని ఒక్కో వాక్యం తర్వాత ఆపి, అదే ఊపులో తిరిగి అను.

కోచింగ్ సంగతి. చేరే ముందు ఒకటే అడుగు: గంట క్లాసులో నా నోరు ఎన్ని నిమిషాలు కదులుతుంది? బ్యాచిలో ముప్పై మంది ఉంటే, సారు నోరు మూసుకున్నా మనిషికి రెండు నిమిషాలే వస్తాయి. ఎనిమిది మందికి లోపు బ్యాచి అయి, నీ మాట రికార్డు చేసి తప్పులు చూపిస్తామంటే డబ్బు కట్టు. టెన్సుల చార్టు జిరాక్స్ ఇచ్చి పంపే చోటయితే ఆ డబ్బుతో మంచి ఇయర్‌ఫోన్స్ కొనుక్కో.

నాగావళి_ఒడ్డు:

చాలా థాంక్సండీ. తెలుగు రికార్డింగు పెట్టి చూశాను. నిజమే, తెలుగులోనూ ఆగిపోయాను! ఇంకో రెండు అడగొచ్చా? "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" అంటే అందరూ చెప్పేదే చెప్పాలా? గ్రూప్ డిస్కషన్‌లో గట్టిగా అరిచేవాళ్ల మధ్య దూరడం ఎలా?

పొందూరు_పోగు:

మామూలుగా వినపడేది ఇది: "మైసెల్ఫ్ ఫలానా. మై నేటివ్ ఈజ్ శ్రీకాకుళం. మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్. ఐ యామ్ హావింగ్ వన్ బ్రదర్. మై స్ట్రెంత్ ఈజ్ హార్డ్ వర్క్." భాష తప్పులు సులువుగా పోతాయి: "మైసెల్ఫ్" బదులు "ఐ యామ్", "నేటివ్" బదులు "ఐ యామ్ ఫ్రమ్", "ఐ యామ్ హావింగ్" బదులు "ఐ హావ్". అవి దిద్దినా ఇందులో బోర్డు వాళ్లు పట్టుకుని తర్వాతి ప్రశ్న అడగడానికి ఏమీ లేదు. అందుకని వాళ్లకి తోచింది అడుగుతారు, అది నీకు రాదు.

నాన్న రైతని చెప్పడం తప్పు కాదు, ఆ వాక్యానికి ఒక పని ఉండాలి. ఉదాహరణకి మినీ ప్రాజెక్టులో నేల తడి చూసే సెన్సర్ చేశారనుకో. ఇలా కట్టు: పేరు, బ్రాంచి ఒక వాక్యం. మా నాన్న మొక్కజొన్న వేస్తారు, ఎప్పుడు తడి పెట్టాలో ముట్టుకుని చూసి చెప్తారు, దాన్ని కొలవాలనుకున్నాం. ముగ్గురం, మూడు వారాలు, ఇంత ఖర్చు. మొదట వాడిన రెండు పుల్లల సెన్సర్ తుప్పు పట్టింది, లోహం తడికి నేరుగా తగలని కెపాసిటివ్ రకానికి మారాం. ఈ ఉద్యోగంలో ఫలానా పని ఉందన్నారు, అది ఇందుకు దగ్గర. మొత్తం 60 నుంచి 75 సెకన్లు, 150 మాటల లోపు. తర్వాతి ప్రశ్న దాదాపు ఖాయం: "ఎందుకు తుప్పు పట్టింది?" తడి నేలలో ఆ పుల్లల మధ్య ఎప్పుడూ ఒకే వైపు కరెంటు పోతుంటే లోహం కరిగిపోతుంది, అందుకని. చూశావా, ప్రశ్న నువ్వే అందించావు, జవాబు నీ దగ్గరే ఉంది. చెయ్యని పని మాత్రం చెప్పకు. రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

జీడీకి, అంటే గ్రూప్ డిస్కషన్‌కి, మామూలుగా ఎనిమిది, పది మంది, పావుగంట లోపు. పంచుకుంటే మనిషికి నిమిషంన్నర. కాబట్టి నీ లక్ష్యం మూడు నాలుగుసార్లు, ఒక్కోసారి 20, 25 సెకన్లు. మొదట మాట్లాడితే గొప్పన్నది అపోహ. అంశాన్ని విడదీసి చెప్పగలిగితేనే మొదలెట్టు, లేకపోతే మూడోదానివో నాలుగోదానివో అవ్వు. దూరడానికి కిటుకు ఊపిరిలో ఉంది. ఎంత అరిచేవాడైనా వాక్యం చివర ఊపిరి తీసుకోవాలి. ఆ క్షణానికి ముందే కొంచెం ముందుకి వంగి, అతని మాటనే ఐదారు మాటల్లో అందుకో: "ఖర్చు అన్నారు, దానికో లెక్క ఉంది..." తన మాట విన్నావని తెలిసేసరికి అరిచేవాడు ఆగుతాడు. మధ్యలో కట్ చేస్తే ఇంకా పెంచుతాడు.

ముందున్న కాగితం మీద ఎవరు ఏమన్నారో రెండేసి మాటలు రాస్తూ ఉండు. ఆఖర్లో ఎవరైనా ముగించండి అన్నప్పుడు అరిచినవాళ్ల దగ్గర ఆ చిట్టా ఉండదు. నీ అభిప్రాయం కలపకుండా రెండు వైపులవీ నాలుగు వాక్యాల్లో చెప్పు. "ఐ అగ్రీ విత్ హర్" అని ఊరికే తలూపడం మాత్రం మాట్లాడినట్టు లెక్క కాదు.

మూడు_లాంతర్లు:

నోటి మాటే అంతా అనుకోవద్దు, ప్లేస్‌మెంట్ ఆఫీసుకి రాసే మెయిల్‌లో కూడా మనిషి తెలిసిపోతుంది. సబ్జెక్ట్ లైన్‌లో "రిక్వెస్ట్" అని ఒక్క ముక్క పెడితే తెరిచి చూస్తేగానీ ఏమిటో తెలీదు. పని, పేరు, రోల్ నంబర్ అక్కడే ఉండాలి. రెజ్యూమే ఫైలు పేరు "న్యూ ఫైనల్ 2" కాదు, నీ పేరు, బ్రాంచి. అటాచ్‌మెంట్ మరిచిపోకుండా ఉండాలంటే ముందు ఫైలు తగిలించి, తర్వాత మేటర్ రాసి, అడ్రస్ ఆఖర్న నింపు. పొరపాటున సెండ్ నొక్కినా అడ్రస్ లేకుండా పోదు. వాట్సాప్‌లో "హాయ్ సార్" అని పెట్టి జవాబు కోసం కూర్చోకు, ఎవరు, ఏం కావాలి, ఎప్పటికి అన్నది ఒకే మెసేజ్‌లో పెట్టెయ్.

నాగావళి_ఒడ్డు:

అన్నీ రాసుకున్నాను. ఒక్కటే చిక్కు. హాస్టల్ గదిలో ఆరుగురం. నాలో నేను ఇంగ్లీషు మాట్లాడుకుంటూ రికార్డు చేస్తే నవ్వుతారు.

బొబ్బిలి_తీగ:

రికార్డర్ ఆన్ చేసి ఫోను చెవి దగ్గర పెట్టుకుని వరండాలో తిరుగుతూ మాట్లాడు తల్లీ. మైకు కింది వైపే ఉంటుంది, మాట శుభ్రంగా పడుతుంది. చూసేవాళ్లు ఎవరితోనో కాల్‌లో ఉన్నావనుకుంటారు. మధ్యమధ్యలో "ఆఁ, చెప్పు" అంటే ఇంకా నమ్మకం, కాకపోతే తర్వాత రాసేటప్పుడు దాన్ని కొట్టెయ్.